గుమ్మంలో అడిగే ప్రశ్న

మొఘల్‌సరాయ్‌లో రైలు దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. సికింద్రాబాద్ నించి దానాపూర్ వెళ్ళే బండి. డిసెంబర్ పొగమంచులో తొమ్మిది గంటలు ఆలస్యం. స్టేషన్ బోర్డుల మీద ఇప్పుడు ఆ పాత పేరు లేదు, 2018లో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని మార్చారు. కానీ ఆటోవాళ్ళూ, టీ అమ్మేవాళ్ళూ, నా పై బెర్తులో వచ్చిన జవానూ అందరూ ఇంకా మొఘల్‌సరాయ్ అనే అంటున్నారు. సరాయి అంటే బాటసారులు రాత్రికి తలదాచుకునే చోటు. కాశీకి వెళ్ళే ముందు ఒక సత్రం పేరున్న ఊళ్ళో దిగడం బాగానే ఉందనిపించింది. ఆ పేరు గురించే నాలుగు రోజులు ఆలోచిస్తానని మాత్రం అప్పుడు అనుకోలేదు.

ఆటో మాలవీయ వంతెన ఎక్కింది. 1887లో డఫరిన్ వంతెన అని కట్టారు దీన్ని. కింద రైలు, పైన రోడ్డు. పగలైతే ఇక్కణ్ణించి ఘాట్లన్నీ నెలవంకలాగా కనిపిస్తాయట. నాకు కనిపించింది మాత్రం మంచు, ఆ మంచులో పచ్చటి దీపాలు కొన్ని.

నేను దిగింది బ్యాక్‌పాకర్ల హాస్టల్లో. అస్సీ ఘాట్‌కి దగ్గర సందులో ఉంది. గోడలనిండా రంగురంగుల బొమ్మలు, కింద హాల్లో బీన్ బ్యాగులు, ఒక గిటారు, దానికి రెండు తీగలు లేవు. ఆరు పడకల గదిలో పై పడక నాది, రాత్రికి 500 రూపాయలు. పడకకో తెర, ఒక దీపం, ఒక ప్లగ్గు. లాకరు వాళ్ళది, తాళం మనం తెచ్చుకోవాలి. టవలు కావాలంటే అద్దె. రిసెప్షన్లో ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఆధార్ చూశాడు, ఫోటో తీసుకున్నాడు, వైఫై పాస్‌వర్డ్ చెప్పాడు. అంతే. నా పక్కన నిలబడ్డ కొరియా అమ్మాయి పాస్‌పోర్ట్ మాత్రం స్కాన్ చేసి, ఫారం సి అని ఒకటి నింపాడు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ప్రభుత్వానికి ఆ వివరాలు పంపాలి.

పైకెక్కి తెర లాక్కుని పడుకున్నాను. ఎదురు పడకలో ఎవరో గురక. ఆ చీకట్లో ఒక సంగతి తోచింది. మా ఇంట్లోంచి కాశీ వచ్చినవాళ్ళలో ఒక గుమ్మం దాటి లోపల పడుకున్న మొదటివాణ్ణి నేనే.

*

మా తాత, నాయనమ్మ 1978లో కాశీ వచ్చారు. దివిసీమ ఉప్పెన వచ్చిన మర్సటేడు. మాది తెనాలి వైపు పల్లె. మేం మాదిగలం. ముత్తాత చెప్పులు కుట్టేవాడు. తాత రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరాడు. ఉద్యోగంతో పాటు కుటుంబానికి పాసు వచ్చింది. ఆ పాసుతో ఎక్కడికి పోదామంటే నాయనమ్మ కాశీ అంది. రెండు బళ్ళు మారి వెళ్ళారు.

తెలుగు మాట్లాడే గుమాస్తా ఉన్న సత్రం ఒకటి ఉందని రైల్లో ఎవరో చెబితే వెతుక్కుంటూ పోయారట. అది ఏ సత్రమో, ఎవరిదో ఆవిడకి గుర్తులేదు. గుర్తున్నది గుమ్మమే.

"గోత్రం ఏమిటని అడిగాడ్రా. మీ తాతకి అబద్ధం చెప్పడం చేతకాదు గదా. 'మాదిగోళ్ళమండీ, రైల్వే' అన్నాడు. రైల్వే కూడా ఒక కులమే అనుకున్నాడు పిచ్చిమారాజు."

ఆ రెండు రాత్రులూ స్టేషన్లోనే పడుకున్నారు. పొద్దున్నే గంగలో మునిగి, గుళ్ళు బయటినించే చూసి, మళ్ళీ ప్లాట్‌ఫారం మీదికి. "రైలు మనదేగా. మనింట్లో మనం పడుకున్నాం" అని నవ్వేది నాయనమ్మ. చిన్నప్పుడు మాకది సరదా కథ. అన్నం కలిపి ముద్దలు పెడుతూ చెప్పేది. ఆ కథలో గుమాస్తా గొంతుని కూడా అనుకరించేది, అందరం పగలబడి నవ్వేవాళ్ళం. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో అనుకుంటా, హాస్టల్ గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఆ కథ అసలు దేని గురించో అర్థమైంది. అప్పటికి ఆవిడ పోయి నాలుగేళ్ళు.

ఆ కథని పట్టుకునే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఆఫీసులో రిలీజ్ అయిపోయింది, సెలవు మిగిలి ఉంది. బ్యాగులో రెండు పుస్తకాలు. ఒకటి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రా చరిత్ర. రెండోది అంబేద్కర్ రాసిన చిన్న పుస్తకం, వెయిటింగ్ ఫర్ ఎ వీసా.

*

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్‌పూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. దారిపొడవునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలే 1838లో పుస్తకంగా వచ్చాయి. 1941లో దిగవల్లి వేంకట శివరావు వివరమైన పరిష్కరణ తెచ్చారు. మనకి తెలుగు వచనంలో తొలి పెద్ద యాత్రాకథనం ఇదే.

ఈ పుస్తకాన్ని చాలామంది భాష కోసమో, ఆనాటి సంఘం గురించి తెలుసుకోడానికో చదువుతారు. నేను మాత్రం బస కోసం చదివాను. ప్రతి మజిలీ దగ్గరా ఆయన నోట్ చేసేవి దాదాపు ఒకటే: ఎన్ని ఆమడలు వచ్చాం, నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చావడి ఉందా, బ్రాహ్మణుల ఇళ్ళున్నాయా. మనం హాస్టల్ బుక్ చేసే ముందు యాప్‌లో రివ్యూలు చూస్తాం కదా. ఆయన ఆ రివ్యూలు ముందే రాసిపెట్టాడు, తర్వాత వచ్చేవాళ్ళ కోసం. అందులో ఔదార్యం ఉంది. అయితే ఆ రివ్యూ ఎవరికి పనికొస్తుందన్నది మాత్రం ఆ 'బ్రాహ్మణుల ఇళ్ళున్నాయా' అన్న గడిలో తెలిసిపోతుంది.

ఆయన వెంట పెద్ద పరివారం ఉంది. గుడారాలు, పల్లకీ, పల్లకీ మోసే బోయీలు. వాళ్ళ మీద ఆయనకి దయ ఉంది, అది పుస్తకంలో కనిపిస్తుంది. కానీ ఉత్తరాలు రాసింది ఆయన. మద్రాసు నించి కాశీదాకా నడిచిన ఆ బోయీల్లో ఒక్కడు రాసినా ఆ గడులు ఇంకోలా ఉండేవి.

బాటసారికి నీడ ఇవ్వడం ఈ దేశంలో కొత్త విషయం కాదు. 1540 నించి 1545 దాకా ఏలిన షేర్‌షా సుమారు 1,700 సరాయిలు కట్టించాడని అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు. రెండేసి కోసులకి ఒకటి. వాటిలో హిందువులకి వేరే, ముస్లింలకి వేరే ఏర్పాట్లు. గుమ్మంలో ప్రశ్న అప్పటికే ఉంది, కాకపోతే దానికి ఏ జవాబు చెప్పినా లోపల ఏదో ఒక చోటు దొరికేది. దక్షిణాదిన సత్రాలు. సత్రం అనే మాటకి మూలం యజ్ఞమే. చాలా రోజులపాటు, చాలామంది కలిసి చేసే యజ్ఞాన్ని సత్రయాగం అనేవాళ్ళు. అన్నం పెట్టడం కూడా యజ్ఞమే అనుకున్నాక ఆ మాట భవనానికి వచ్చింది. మన చావడి ఇంగ్లీషువాళ్ళ నోట్లో చౌల్ట్రీ అయింది.

అన్ని సత్రాలూ ఒకేలా లేవు. తంజావూరు మరాఠా రాజు రెండో శరభోజి 1801లో కంపెనీ రెసిడెంటుకి తన సత్రాల గురించి ఒక ఉత్తరం రాశాడు. బ్రాహ్మణుడి నించి పరయ దాకా ఏ బాటసారి వచ్చినా అన్నం పెడతామనీ, వండినది తినని వాళ్ళకి బియ్యం, దినుసులు ఇస్తామనీ, జబ్బు చేసినవాళ్ళకి వైద్యుడు ఉంటాడనీ అందులో ఉంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. 1801లో తంజావూరులో సాధ్యమైంది 1978లో కాశీలో ఎందుకు సాధ్యం కాలేదు? కాలం గడిస్తే గుమ్మాలు వాటంతట అవే వెడల్పవుతాయని అనుకోడం మన భ్రమ. శరభోజి సత్రానికి ఖర్చు రాజ్యానిది. తర్వాతి కాలంలో రైళ్ళు వచ్చి యాత్రికులు పెరిగాక కట్టిన సత్రాల్లో చాలా వాటికి ఖర్చు ఫలానా కులానిది, ఫలానా సంఘానిది. ఎవరి డబ్బుతో కడితే వాళ్ళ ప్రశ్నే గుమ్మంలో నిలబడుతుంది.

ప్రభుత్వానికీ తన ప్రశ్న ఉంది. 1867లో సరాయిల చట్టం వచ్చింది. సరాయి నడిపేవాడు కలెక్టర్ కచేరీలో నమోదు చేసుకోవాలి, మేజిస్ట్రేట్ అడిగితే రాత్రి ఎవరెవరు దిగారో చెప్పాలి. 1857 అయిపోయి పదేళ్ళే. దారిన పోయేవాడంటే ప్రభుత్వానికి భయం. కొరియా అమ్మాయి పాస్‌పోర్ట్ స్కాన్ చేసి పంపిన ఆ ఫారం సి ముత్తాతల్లో ఈ చట్టం ఒకటి అనుకోవచ్చు. సత్రం గుమాస్తా 'నువ్వు ఎవరి బిడ్డవి' అని అడిగాడు. సర్కారు 'నువ్వు ఎక్కడివాడివి' అని అడిగింది.

*

పగలంతా తిరిగాను. కాశీ సందుల్లో ఫోన్లో మ్యాపు పనిచెయ్యదు. నీలం చుక్క ఒక ఇంటి మధ్యలో నిలబడి ఊగుతూ ఉంటుంది. 1820 నించి 1830 దాకా ఇక్కడి టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ (తర్వాత బ్రాహ్మీ లిపిని చదివినవాడే) ఈ సందులన్నీ కొలిచి 1822లో పటం వేశాడు. ఆయన్ని తలుచుకుని దణ్ణం పెట్టాను. కేదార్ ఘాట్ వైపు వెళ్తే తెలుగు బోర్డులు మొదలవుతాయి. ఇడ్లీ, ఉప్మా, సత్రాలు, 'ఇచ్చట భోజనం దొరుకును'. తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చెయ్యాలని మనవాళ్ళ నమ్మకం కదా. అందుకని తొమ్మిది రోజుల మకాం కోసం వచ్చిన ముసలి జంటలు ఎటు చూసినా ఉన్నారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని సామెత పుట్టిన ఊరికి ఇప్పుడు ఏసీ బోగీల్లో వచ్చి, సాయంత్రం వీడియో కాల్లో మనవళ్ళకి హారతి చూపిస్తున్నారు.

రాత్రి హాస్టల్ హాల్లో కథలు. పుణె నించి వచ్చి పగలు ల్యాప్‌టాప్‌తో ఆఫీసు పని చేసుకునే అబ్బాయి, నేపాల్ నించి దిగిన ఇద్దరు ఫ్రెంచివాళ్ళు, ఆ కొరియా అమ్మాయి. ఎవరు ఎక్కడ మోసపోయారు, ఎవరికి ఎక్కడ కడుపు చెడింది, ఎవరు ఏ ఊళ్ళో ప్రేమించారు. నాకు కాశీమజిలీ కథలు గుర్తొచ్చాయి. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ఆ పుస్తకానికి ఆధారమైన ఊహ ఇదే. మణిసిద్ధుడు కాశీ వెళ్తుంటే తోడు రమ్మని ఒక గొల్ల పిల్లవాణ్ణి అడుగుతాడు. మజిలీ మజిలీకీ ఒక కథ చెబితేనే వస్తానంటాడు వాడు. మనుషులకి దారిలో పడక ఎంత అవసరమో కథ కూడా అంతే. పైగా ఆ కథ చెప్పించుకున్నవాడు పశువులు కాసుకునే కుర్రాడు. వాడూ సిద్ధుడూ ఒకే మజిలీలో కూచుని కథ పంచుకోవడం పుస్తకంలో ఎంత తేలిగ్గా జరిగిపోతుందో!

మన ఊళ్ళలో ఈ రకం తిరుగుడుకి బాట వేసింది హిప్పీలు అంటారు. వాళ్ళకి ముందే అలెన్ గిన్స్‌బర్గ్ వచ్చాడు. 1962 డిసెంబర్ నించి 1963 మే దాకా, పీటర్ ఓర్లోవ్‌స్కీతో కలిసి, దశాశ్వమేధ ఘాట్ దగ్గర అద్దెగదిలో ఉన్నాడు. మణికర్ణిక దగ్గర సాధువులతో కూచునేవాడు. ఆ రోజులే తర్వాత ఆయన ఇండియన్ జర్నల్స్‌లోకి వచ్చాయి. 1973లో టోనీ, మోరీన్ వీలర్ దంపతులు లండన్ నించి ఆస్ట్రేలియా దాకా తాము చేసిన ప్రయాణాన్ని చిన్న పుస్తకంగా వేశారు. లోన్లీ ప్లానెట్ అలా మొదలైంది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు. నేలదారి మూసుకుపోయింది. 2013లో జోస్టెల్ వచ్చాక ఈ పడకల హాస్టళ్ళు మన కుర్రకారుకీ అలవాటయ్యాయి. మా నాయనమ్మ రెండు రాత్రులు ప్లాట్‌ఫారం మీద పడుకోడానికి పదిహేనేళ్ళ ముందే ఒక అమెరికా కవికి ఈ ఊళ్ళో గది దొరికింది. గిన్స్‌బర్గ్ మీద నాకేం కోపం లేదు. డాలరుకి గోత్రం ఉండదు, అంతే.

*

అసలు ఈ యువజన హాస్టల్ అనే ఊహ ఒక వానరాత్రి పుట్టింది. జర్మనీలో ఆల్టెనా అనే ఊళ్ళో రిచర్డ్ షిర్మాన్ అని ఒక బడిపంతులు. పిల్లల్ని నాలుగు గోడల మధ్య కన్నా దారిలో నడిపిస్తేనే బాగా నేర్చుకుంటారని నమ్మినవాడు. 1909 ఆగస్టు 26న పిల్లల్ని వెంటేసుకుని రోజుల తరబడి నడిచే యాత్రలో ఉండగా ఉరుములు, కుండపోత. ఒక పల్లెబడిలో తలదాచుకున్నారు. గడ్డి పరుచుకుని పిల్లలు పడుకున్నారు. ఆయనకి నిద్రపట్టలేదు. సెలవుల్లో బళ్ళన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, ఒక్కో రోజు నడక దూరంలో ఒక్కో బడి పిల్లలకి పడకలిస్తే? ఆ రాత్రి ఆలోచనే కొన్నేళ్ళకి ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యువజన హాస్టల్ అయింది. ఆనాటి చెక్క పడకలు, ఒకదాని మీద ఒకటి, ఇప్పటికీ ఆ కోటలో ప్రదర్శనకి ఉన్నాయి. నేను పడుకున్న పడక వంశవృక్షం అక్కడ మొదలవుతుంది.

ఈ కథ ఇక్కడితో ఆపితే ఎంత బాగుంటుంది! కానీ 1933 వచ్చింది. జర్మనీలో ఆ హాస్టళ్ళన్నీ హిట్లర్ యూత్ చేతికి పోయాయి. షిర్మాన్‌ని పక్కకి తప్పించారు. వానలో ఏ పిల్లవాడికైనా గడ్డిపరుపు దొరకాలనుకున్న చోట యూదు పిల్లలకి తలుపు మూసుకుంది. భవనం అదే, పడకలూ అవే. గుమ్మంలో అడిగే ప్రశ్న మారింది. లాటిన్‌లో 'హోస్పెస్' అనే మాటకి అతిథి అనీ అర్థమే, ఆతిథ్యం ఇచ్చేవాడు అనీ అర్థమే. హాస్టల్, హోటల్, హాస్పిటల్ మూడూ దాని పిల్లలే. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే మాటలో ఉన్న ఆ చనువు నిలవాలంటే ఆ మధ్యలో నిలబడ్డ మూడోవాడు ఎవరన్నది ముఖ్యం.

అంబేద్కర్‌కి ఆ మూడోవాడు 1917లో బరోడాలో ఎదురయ్యాడు. కొలంబియాలోనూ లండన్‌లోనూ చదువుకుని, బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌కి బదులుగా అక్కడ కొలువు చెయ్యడానికి వచ్చాడు. స్టేషన్లో దిగగానే మొదటి ప్రశ్న: ఎక్కడ దిగాలి? హిందూ హోటళ్ళు ఎవరో చెబితే గానీ చోటివ్వవు, చెబితే అసలే ఇవ్వవు. చివరికి ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరుతో రిజిస్టర్‌లో నమోదై, పైఅంతస్తులో ఒంటరిగా ఉన్నాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ణీ, ఒక క్రైస్తవ స్నేహితుణ్ణీ అడిగి చూశాడు, ఇద్దరి దగ్గరా చోటు దొరకలేదు. బొంబాయి బండి వచ్చేదాకా ఒక తోటలో కూచున్నాడు. అమెరికా, ఇంగ్లండుల్లో గడిపిన ఏళ్ళు తనని అంటరానివాడన్న సంగతే మరిచిపోయేలా చేశాయనీ, బరోడా స్టేషన్ మళ్ళీ గుర్తుచేసిందనీ ఆయన రాసుకున్నాడు.

తెర లాక్కుని ఆ చిన్న దీపం వెలుగులో ఆ పేజీలు మళ్ళీ చదివాను. ఆయన చేతిలో రెండు విశ్వవిద్యాలయాల చదువు ఉంది. మా తాత చేతిలో రైల్వే పాసు ఉంది. ఇద్దరూ స్టేషన్ దగ్గరికే తిరిగి వచ్చారు.

*

మూడో రాత్రి ఎనిమిదింటికి రిసెప్షన్ కుర్రాడు నన్ను పిలిచాడు. "భయ్యా, ఆప్ తెలుగు జాన్తే హైఁ నా?" కింద ఒక పెద్దాయన, ఆయన భార్య. అరవై దాటి ఉంటాయి. మంకీ క్యాపులు, రెండు ట్రాలీ బ్యాగులు, ఒక పచ్చళ్ళ సంచీ. బెంగళూరులో ఉన్న కొడుకు ధర చూసి యాప్‌లో రెండు పడకలు బుక్ చేశాడట. ఈ హాస్టల్లో 18 నించి 45 ఏళ్ళవాళ్ళకే చోటు. ఇంకో నియమం కూడా ఉంది: వారణాసి చిరునామా ఉన్న ఆధార్ చెల్లదు. ఊరివాడికి ఆ ఊళ్ళో హాస్టల్ ఎందుకని వాళ్ళ లెక్క.

ఆ కుర్రాడికి తెలుగు రాదు, వీళ్ళకి హిందీ రాదు. నేను దుబాసీనయ్యాను. "నలభై ఐదు దాటినవాళ్ళకి ఇవ్వరటండీ" అని నా నోటితో చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే ఎక్కడో విన్నట్టనిపించింది. నాయనమ్మ అనుకరించిన గుమాస్తా గొంతు అది. అతనూ ఇలాగే, తను పెట్టని నియమాన్ని ఎదుటివాడి భాషలో చెప్పి ఊరుకున్నాడేమో.

రెండూ ఒకటే అనడం లేదు. వయసు అందరికీ వస్తుంది, కులం పుట్టుకతోనే వస్తుంది. ఇక్కడ కాదంటే ఆ దంపతులకి పక్కసందులో లాడ్జీ ఉంది, కేదార్ ఘాట్ దగ్గర సత్రాలున్నాయి. అంబేద్కర్‌కి బరోడా అంతటా ఒక్క గుమ్మం లేదు. ఈ తేడా మరిచిపోతే మాట్లాడేది ఏదీ నిలవదు. అయినా నాకు గోత్రం అడగని చోటు దొరికిందని మురిసిపోయిన మూడో రోజుకే అదే చోట ఇంకో ప్రశ్నకి నేనే గొంతునయ్యానన్నది మాత్రం గుచ్చుకుంది.

వాళ్ళ బ్యాగు ఒకటి నేను లాక్కుంటూ తోడు వెళ్ళాను. చలి. సందుల్లో ఆవులు అడ్డం. ఆవిడ నన్ను "నాయనా, నాయనా" అంటూ ఇంజనీరింగ్ ఎక్కడ చదివానో, ఆఫీసు ఎక్కడో, పెళ్ళయిందో లేదో అడిగింది. సంచీలోంచి ఒక సున్నుండ తీసి చేతిలో పెట్టింది. మూడో చోట గది దొరికింది. బ్యాగులు లోపల పెట్టాక పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, చాలా ప్రేమగానే, "ఇంటిపేరేంటి బాబూ?" అన్నాడు. చెప్పాను. మా ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే మీరు..." అని ఆపేశాడు.

ఆ ఖాళీని ఎలా పూరించాలో తెలుగువాళ్ళందరికీ తెలుసు.

"మాది హైదరాబాదండీ" అన్నాను. మంచినీళ్ళు బయట కొనుక్కోమని చెప్పి గబగబా మెట్లు దిగొచ్చేశాను.

నోట్లో సున్నుండ తియ్యగానే ఉంది. 1978లో, అన్నం కూడా తినని కడుపుతో, గది కావాల్సిన మనిషి నిజం చెప్పాడు. గది అక్కర్లేని నేను, పోయేదేమీ లేని నేను, ఊరి పేరు చెప్పి తప్పించుకున్నాను. ఆ పెద్దాయన నన్నేం అనేవాడో నాకు తెలీదు. ఏమీ అనకపోయి ఉండొచ్చు కూడా. అది తెలుసుకునే అవకాశం ఆయనకీ నాకూ లేకుండా చేశాను.

*

మర్నాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా సీర్ గోవర్ధన్‌పూర్ వెళ్ళాను. బీహెచ్‌యూ దాటాక ఉంటుంది. సంత్ రవిదాస్ పుట్టిన చోటని నమ్మే ఊరు. హాస్టల్ గోడ మీద అంటించిన 'చూడదగ్గ పది ప్రదేశాలు' జాబితాలో లేదు. రవిదాస్ చెప్పులు కుట్టుకునే బతికాడు. బేగంపురా అనే ఊరిని ఊహించాడు. బేగంపురా అంటే దుఃఖం లేని చోటని అర్థం. అక్కడ పన్ను కట్టక్కర్లేదు, మనుషులు ఎక్కడికి కావాలంటే అక్కడికి తిరగొచ్చు. ప్రయాగలో, గయలో, పూరీలో యాత్రికుల నించి కంపెనీ 1840 దాకా పన్ను వసూలు చేసింది. స్వేచ్ఛగా తిరగడం ఎంత పెద్ద కోరికో అప్పుడు అర్థమవుతుంది. మనం దాన్ని ట్రావెల్ అని తేలిగ్గా అనేస్తాం.

మాఘ పూర్ణిమకి రవిదాస్ జయంతి. అప్పుడు పంజాబ్ నించి రైళ్ళకి రైళ్ళు జనం వస్తారు, గుడారాలు వేస్తారు, లంగర్ నడుస్తుంది. నేను వెళ్ళినప్పుడు మైదానం ఖాళీ. బంగారు శిఖరం మంచులో మసగ్గా ఉంది. లంగర్ గదిలో ఒక ముసలావిడ రొట్టెలు చేస్తోంది. కూచోమని సైగ చేసి రెండు రొట్టెలు, పప్పు పెట్టింది. ఎక్కడినించి అని కూడా అడగలేదు. తిన్నాక పళ్ళెం కడగబోతే, నేను అటు పెట్టినచోట కాదు ఇటు పెట్టమని మాత్రం చెప్పింది.

బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. ఎక్కడున్నానో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ వాళ్ళకి ఈ చోటు ఉందని తెలీదురా" అన్నాడు. "తెలిస్తే ఇక్కడే పడుకునేవాళ్ళేమో." రాత్రి సంగతి కూడా చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, ఆయన చదువుతాడని తెలిసే.

తిరుగు బండి కూడా ఆలస్యమే. మొఘల్‌సరాయ్‌లో ఐదు గంటలు. ఫోన్లో రిటైరింగ్ రూమ్ చూశాను, ఒకటి ఖాళీ ఉంది కూడా. బుక్ చెయ్యలేదు. రెండో ప్లాట్‌ఫారం చివర, స్తంభం పక్కన, హాస్టల్లో కొనుక్కున్న టవలు పరుచుకుని బ్యాగు తలకింద పెట్టుకున్నాను. నేల చల్లగా వెన్నులోకి దిగింది. పక్కన ఒక కుటుంబం దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉంది, పిల్లలు మధ్యలో. నేను పడుకోగానే ఆ తల్లి తల ఎత్తి చూసింది.

"భయ్యా, కాస్త అటు జరుగు. పాప కాళ్ళు చాపుకుంటుంది."

జరిగాను.